ఆయీ పేరున ఇరవై రోజుల సెలవు

“నా పెళ్ళాం సెలవుకి నేను ఫోన్లో అనుమతి ఇవ్వాలా? నేనెవర్ని, ఆవిడకి ఆఫీసరునా?”

వసంతరావు నింబాళ్కర్ గొంతుకి కింది వాటా వాళ్ళు రేడియో తగ్గించారు. వినడానికే. పుణేలో నానాపేట సందుల్లో ఇళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒకరింట్లో గొడవైతే నాలుగిళ్ళ వాళ్ళు పనులు మానుకుని వింటారు.

ఆదివారం పొద్దున్న ఏడుంబావు. మేడమీది ఆ ఇంట్లో నలుగురి ఫోన్లూ ఆరు గంటల నుంచి ఆగకుండా మోగుతున్నాయి.

ఆయన ఫోన్‌ని చేయి చాచినంత దూరం పెట్టి పైకి చదివాడు. “ఇందుమతి నింబాళ్కర్ ఇరవై రోజుల సెలవు కోరారు. మీ అనుమతి కోసం చూస్తున్నాం. ఈలోగా వారి పనుల్లో ఈ కిందివి మీకు బదిలీ అయ్యాయి. ఒకటి, మటకీ గింజలు నానబెట్టి, నీళ్ళు వంచి, గుడ్డలో మూట కట్టడం. గడువు దాటింది.” తలెత్తాడు. “మటకీ ఏ డబ్బాలో ఉంటుందో కూడా నాకు తెలీదు, గడువు దాటిందట!”

“మీకు తొమ్మిదే బాబా, నాకు పదహారొచ్చాయి,” అన్నాడు కొడుకు శ్రీరంగ్, నోట్లోంచి బ్రష్ తీయకుండానే. “పప్పు డబ్బాల్లో పురుగు చూడడమట. అదీ ఒక పనేనా? ఎవరైనా చూస్తారా అలా?”

“శుక్రవారం శుక్రవారం చూస్తాను,” అంది వంటింట్లోంచి ఇందుమతి.

ఆ పొద్దున్న ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. తర్వాత జొన్నపిండి జల్లిస్తున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

ఈ గొడవకంతటికీ కారణమైన కోడలు మృణ్మయి భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చెమటలు కక్కుతూ, మెసేజ్‌లు ఆపే ప్రయత్నంలో ఉంది.

మృణ్మయి పనిచేసేది పుణే శివారు బాణేర్‌లో, ఒక మోస్తరు కంపెనీలో. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో చూసుకునే ‘నియోజన్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. దాని ఏడో వెర్షన్ రేపు బయటికి వెళ్ళాలి. అందులో తప్పులు పట్టే జట్టుకి మృణ్మయి పెద్ద. ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి పనులు పెట్టి పరీక్షిస్తే ఏ తప్పూ బయటపడదని, కొత్త వెర్షన్ వెళ్ళే ముందు ప్రతి ఒక్కరూ రెండు వారాలు తమ ఇంటి పనులే అందులో పెట్టి నడిపి చూడాలని వాళ్ళ యజమానురాలి పట్టు.

మృణ్మయి పెట్టింది. పోయిన నెలలో ఒక వారమంతా పుస్తకం పట్టుకుని అత్తగారి వెనకే తిరిగి, ఆవిడ పేరున రాసిన పనులు అరవై మూడు. మామగారి పేరున నాలుగు. పేపరు చదవడం, పొద్దుటి నడక, కుండీలకి నీళ్ళు, గోడ గడియారానికి బ్యాటరీ. ఆఖరిది ఏడాదికోసారి. మొదటి రెండూ ఆయనే పట్టుబట్టి రాయించాడు.

ఏడో వెర్షన్లో కొత్తగా వచ్చిన వాటిల్లో సెలవు బదిలీ ఒకటి. ఎవరి పేరునైనా సెలవు పెడితే చాలు, వాళ్ళ పనుల్ని తీరిక ఉన్నవాళ్ళకి అదే పంచేసి, అదే కబురు పంపుతుంది. నిన్న సాయంత్రం దాన్ని పరీక్షించడానికి మృణ్మయి అత్తగారి పేరున సెలవు పెట్టింది. కబుర్లు బయటికి పోకుండా ఆపే మీట పాత వెర్షన్లో ఉన్నచోటే ఉందనుకుని నొక్కింది. కొత్తదాంట్లో ఆ చోట వేరే మీట ఉంది. పైగా ఇంట్లో అందరి పేర్లూ రాసేటప్పుడు పెద్దాయన పేరు ముందు రాయడం అలవాటు కదా, అలాగే రాసింది. జాబితాలో మొదటి పేరే సెలవిచ్చే అధికారి అని ఆ సాఫ్ట్‌వేర్ దానంతటది తీర్మానించేసుకుంది.

“హమ్మయ్య, ఆగాయి,” అంది మృణ్మయి. “అంతా పరీక్ష కోసం పెట్టిందే బాబా. ఆయీ అడగలేదు, నేనే పెట్టాను. తప్పు నాదే. ఇప్పుడే తీసేస్తాను.”

“ఏ తారీకు నుంచి పెట్టావు?” అన్నాడు శ్రీరంగ్.

“మంగళవారం నుంచి.”

వంటింట్లో జల్లెడ చప్పుడు ఆగింది.

మంగళవారం తెల్లవారుతుండగా తుకారాం పాదుకలు మోసే తుకోబా పల్లకీ పుణే నుంచి పండరిపురం దారి పడుతుంది. ఈ సాయంత్రం ఊళ్ళోకి వస్తుంది, రేపంతా వీళ్ళ సందు చివర విఠోబా గుడిలోనే విడిది. వారీ అనే ఆ యాత్ర పద్దెనిమిది రోజుల నడక, ఏకాదశి దర్శనం, వెనక్కి రావడానికి ఒక రోజు. మొత్తం ఇరవై. ఆ సంగతి నానాపేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

వసంతరావు కోడలి వంక చూశాడు, వంటింటి గుమ్మం వంక చూశాడు, మళ్ళీ కోడలి వంక చూశాడు.

“ఓహో! అత్తాకోడళ్ళు కలిసి వేసిన ఎత్తా ఇది? నలభై ఏళ్ళు నాతో కాపురం చేసి, నోరు తెరిచి అడగలేకపోయిందా? ఈ డబ్బా చేత అడిగిస్తుందా?”

ఇందుమతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతుల నిండా పిండి. వెనక్కి తిరిగి మళ్ళీ జల్లెడ అందుకుంది.

* * *

వసంతరావు నీటిపారుదల శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. కాలువ పనుల రోజుల్లో గోడ నిండా పెద్ద కాగితాలు అతికించి, ఏ పని ఎన్ని రోజులో రంగు పెన్సిళ్ళతో గీతలు గీసినవాడు. ఇంకొకరు గీసిన గీతల్ని ఊరికే నమ్మడం ఆయన జాతకంలో లేదు.

“తీసేయకు,” అన్నాడు, కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చుంటూ. “ముందు చూపించు. నలుగురున్న ఇంట్లో అరవై మూడు పనులెక్కడివో నేనూ చూస్తాను.”

మృణ్మయి పనిభారం పటం తెరిచింది. అదీ ఈ వెర్షన్లో కొత్తదే. ఒక్కొక్కరికి ఒక్కో పట్టీ. వారానికి నలభై గంటల దాకా పచ్చరంగు, దాటితే ఎరుపు. ఆఫీసు పని కాకుండా శ్రీరంగ్‌ది పన్నెండు గంటల దగ్గర ఆగింది, మృణ్మయిది ఇరవై దగ్గర. వసంతరావుది మొదట్లోనే గోరంత కనబడింది. ఇందుమతి పట్టీ పచ్చగా మొదలై, ఎర్రబడి, స్క్రీన్ అంచు దాటి వెళ్ళిపోయింది.

“ఇదేమిటి, గీత బయటికి పోయింది? మీ సాఫ్ట్‌వేర్లో లోపమా?”

“కాదు బాబా. వేలితో పక్కకి జరపండి.”

జరిపాడు. “ఇంకా ఉందే!”

“ఇంకా జరపండి.”

మూడోసారి జరిపాక పట్టీ కొస దొరికింది. డెబ్బై ఎనిమిది గంటలు.

“అబద్ధం,” అన్నాడు వసంతరావు, కానీ గొంతులో ఇందాకటి ఊపు లేదు. “టీకి పన్నెండు నిమిషాలు రాశావు. పొయ్యి మీద పెడితే అదే మరుగుతుంది. మనిషి చేసేది రెండు నిమిషాలు. ఇలాంటివన్నీ కలిపి పెంచేశావు. ఉండు, నేను కొలుస్తాను.”

చేతి గడియారం విప్పి పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. ఇందుమతి పక్కకి తప్పుకుంది.

“పాలెక్కడ?”

“ఫ్రిజ్‌లో.”

“టీ పొడి?”

“మీ ఎదురుగానే.”

“ఎదురుగా నాలుగు డబ్బాలున్నాయే!”

“టీ పొడి ఉన్న డబ్బాలో.”

టీలో అల్లం వేయాలని ఆయనకి పాలు పెట్టాక గుర్తొచ్చింది. అల్లం దంచుతుంటే పాలు పొంగి పొయ్యి ఆరింది. పాలు గట్టు మీదుగా కారి పిండి డబ్బా చుట్టూ మడుగు కట్టాయి. గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డని పిండాలని తోచక, అదే గుడ్డతో మళ్ళీ తుడిచాడు. ఇందుమతి నవ్వు బయటపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలాసేపటికి నాలుగు కప్పులతో బయటికొచ్చి, ఒకటి కోడలి ముందు పెట్టి, “ముప్ఫై ఒక్క నిమిషాలు. రాసుకో,” అన్నాడు.

వసంతరావులో ఎన్ని లోపాలున్నా, కొలత దగ్గర మాత్రం అబద్ధమాడే మనిషి కాదు.

“ఇందులో చక్కెర లేదు బాబా,” అన్నాడు శ్రీరంగ్.

“నోరుమూసుకుని తాగు.”

పదకొండింటికల్లా ఆయన ఇంకో తొమ్మిది పనులు కొలిచాడు. రెండింట్లో కోడలు ఎక్కువ రాసింది. ఏడింట్లో తక్కువ రాసింది. తెల్లవారుజామున కార్పొరేషన్ నీళ్ళొచ్చే వేళకి మోటారు వేయడం అనే పని దగ్గర వేలు పొరపాటున తగిలి, స్క్రీన్ మీద ఏవేవో గీతలు వెలిగాయి.

“ఏం నొక్కాను? పాడైందా?”

“లేదు బాబా. దాన్ని గొలుసు అంటాం. అన్నిటికంటే కొత్తది అదే. ఒక పని ఆగితే దాని వెనక ఏమేం ఆగిపోతాయో చూపిస్తుంది.”

మోటారు వెనక ట్యాంకు, ట్యాంకు వెనక స్నానాలు, వంట, వంట వెనక టిఫిన్ డబ్బాలు, వాటి వెనక శ్రీరంగ్ ఆఫీసు బస్సు. వసంతరావు ఇంకో పని నొక్కి చూశాడు. దాని గొలుసూ ఆవిడ దగ్గరికే పోయింది. తన పేపరు నొక్కాడు. పేపరు కూడా ఆవిడ దగ్గరికే పోయింది. పొద్దున్నే కింది తలుపు గడియ తీసేది ఆవిడే మరి.

“కాలువంతా ఒక్క తూము మీద ఆధారపడేలా ఎవడైనా గీసుకొస్తే,” అన్నాడు, “వాడికి నేను మెమో ఇచ్చేవాణ్ణి.”

ఆయన పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. గంటసేపు పేజీ తిప్పిన చప్పుడు వినబడలేదు.

* * *

మృణ్మయి ఆ మీట సంగతి అప్పుడే కంపెనీకి రాసి పంపింది. మీట చోటు మార్చారు, ఎవరైనా పొరపడతారు, ఇలా పంపితే కొంపలు మునుగుతాయి అని. రెండు నిమిషాల్లో యజమానురాలే ఫోన్ చేసింది. అంతా విని, “మీట సంగతి మేం చూసుకుంటాం. ముందిది చెప్పు, మీ అత్తగారికి సెలవు దొరికిందా?” అని అడిగింది.

దొరకలేదని చెప్పి మృణ్మయి వంటింట్లోకి వెళ్ళింది. ఇందుమతి జొన్న భాకరీలు తడుతోంది. పిండి ముద్ద ఆవిడ అరచేతుల కింద గుండ్రంగా సాగుతోంది.

“ఆయీ, కోపమొచ్చిందా?”

“మెసేజ్ నాక్కూడా వచ్చిందే,” అంది ఇందుమతి. “మీ సెలవు కోరిక అందింది అని. నేను కోరిందేమిటా అని రెండుసార్లు చదివాను. మూడోసారి చదివాక, కోరిందే కదా అనుకున్నాను.” భాకరీని పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్ళు రాసింది. “నిజం చెప్పు. ఆ తారీకులు ఊరికే పడ్డాయా?”

మృణ్మయి కాసేపు కొత్తిమీర తుంచింది.

“ఊరికే పడలేదు. నేనీ ఇంటికొచ్చి మూడేళ్ళు. పల్లకీ వచ్చిన రోజు మీరు సందు చివర నిలబడి నడిచేవాళ్ళకి వేరుశెనగ ఉండలు పంచుతారు. అవి అయిపోయాక కూడా అక్కడే నిలబడతారు. వాళ్ళు వెళ్ళిపోయాక రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడరు. మోకాళ్ళ నొప్పేమో అంటారు బాబా.”

“మోకాళ్ళకేం, రాయిలా ఉన్నాయి.”

“నాకు తెలుసు. అందుకే పెట్టాను. ఎవరికీ పంపాలని కాదు ఆయీ. మీ పేరు పక్కన సెలవు అని ఉంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. అంతే.”

ఇందుమతి కళ్ళు తుడుచుకుంది. పిండి చేతులేమో, బుగ్గంతా తెల్లగా అయింది. మృణ్మయి తన చున్నీతో తుడిచింది.

“మా అమ్మ ఏడుసార్లు నడిచింది వారీ,” అంది ఇందుమతి. “ఎనిమిదోసారి నన్ను తీసుకెళ్తానంది. ఆ ఏడే నాకు పెళ్ళయింది. ఇప్పుడు అరవై ఒకటి. ఈ ఏడు నడవగలను. పై ఏటి సంగతి చెప్పలేను. సాయంత్రం నాలుగింటికి కమల్‌తాయి వస్తుంది, ఆఖరి పేర్లు రాసుకోవడానికి. ఆడవాళ్ళ డేరాలో ఇంకొక్క చోటు ఉందట. నిన్న గుళ్ళో అందరికీ చెప్తున్నట్టు చెప్పింది, చూపు మాత్రం నా మీదే.”

“అయితే బాబాని అడగండి.”

“అడగడానికి భయం లేదే. సరే అంటే? అప్పుడు నిజంగా వెళ్ళాలి కదా. దానికీ భయమే.”

ఇద్దరూ నవ్వారు.

* * *

భోజనాలకి కూర్చున్నారు. భాకరీ, శెనగపిండితో చేసిన పిఠలే, పచ్చిమిర్చి ఠేచా పచ్చడి. మొదటి ముద్ద తినకముందే శ్రీరంగ్ అడిగేశాడు.

“ఆయీ, నిజంగానే వెళ్ళాలనుందా నీకు?”

“ఉంది,” అంది ఇందుమతి, వడ్డన ఆపకుండా.

ఇంత తేలిగ్గా జవాబొస్తుందని అతను అనుకోలేదు. “వానల్లో, బురదలో, రెండొందల యాభై కిలోమీటర్లు! డేరాల్లో పడక, నీళ్ళ లారీ దగ్గర స్నానం. జ్వరమొస్తే?”

“వస్తే వస్తుంది. ఇంట్లో ఉంటే రాదా?”

“ఈ ఏడు వద్దు ఆయీ. నాకు ఆఫీసులో ఊపిరి సలపడం లేదు. మృణ్మయికేమో వెర్షన్ వెళ్ళే సమయం. పై ఏడు తీరిగ్గా ఏర్పాటు చేసుకుందాం. కావాలంటే నేనే కారులో వెంట వస్తాను.”

“పై ఏడు అని నేను మొదటిసారి అనుకున్నది నువ్వు పుట్టిన ఏడురా,” అంది ఇందుమతి. “తర్వాత నీ బడి. తర్వాత మీ తాతయ్య పక్షవాతం. తర్వాత నీ పెళ్ళి. అన్నీ నిజమైన కారణాలే, ఒక్కటీ అబద్ధం కాదు. కారులో వెంట వస్తాడట! నడిచేవాళ్ళ వెనక హారన్ కొట్టుకుంటూ!”

మృణ్మయికి నవ్వాగలేదు. శ్రీరంగ్ ఆమె మీదికి తిరిగాడు.

“అంతా నీవల్లే. ఇంటిని తీసుకెళ్ళి ఆఫీసు బోర్డు మీద పెట్టావు. ఇప్పుడందరికీ గంటలు తెలిసిపోయాయి. తెలియకముందు హాయిగా లేమా?”

“నువ్వు హాయిగానే ఉన్నావు. పన్నెండు గంటలవాడివి.”

వసంతరావు ఈ మాటల్లో దేనికీ తలెత్తలేదు. తినడం అయ్యాక తన కంచం తనే తీసుకెళ్ళి కడిగాడు. మిగతా ముగ్గురూ ఆ చప్పుడు విని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

కొడుకూ కోడలూ గదిలోకి వెళ్ళాక ఆయన బాల్కనీలోంచి పిలిచాడు. “ఇందూ, ఇలా వచ్చి కూర్చో.”

“బట్టలు తీయాలి. మబ్బు పట్టింది.”

“తడిస్తే తడుస్తాయి, కూర్చో.”

కూర్చుంది, కుర్చీ అంచున, ఏ క్షణాన్నైనా లేచేలా. ఆయన సందులోకి చూస్తూ అడిగాడు.

“పొద్దున్నే మోటారు వేసేటప్పుడు నన్నెందుకు లేపవు?”

“లేపితే వేసేవారే. ఆ తర్వాత నిద్ర పాడైందని రోజంతా నా ప్రాణం తీసేవారు.”

“అదీ నిజమే,” అన్నాడు. “సరే, మరి వారీ సంగతి? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అన్నావా?”

“అన్నానండీ. మీరు ఆనకట్ట పని మీద ఉన్నారు అప్పుడు. చూద్దాం అన్నారు.” ఇందుమతి గొంతులో కోపం లేదు. “ఇంకా చూస్తున్నారు.”

వాన చినుకు పడింది. ఆవిడ లేచి బట్టలు తీయడానికి వెళ్ళింది. వసంతరావు కూడా లేచాడు. ఆవిడ చేతిలోంచి సగం బట్టలు అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, వాటిని పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగాడు.

మూడింటికి మృణ్మయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. “అనుమతి ఇవ్వాలంటే ఎక్కడ నొక్కాలి?”

మృణ్మయి ఎగిరి గంతేసినంత పనిచేసింది. చూపించింది. ఆయన శ్రద్ధగా చూశాడు. ఆ పక్కనున్న మిగతా మీటలు కూడా ఒక్కోటీ దేనికని అడిగి తెలుసుకున్నాడు.

“ఇప్పుడే నొక్కను,” అన్నాడు. “కమల్‌తాయి రానీ. అందరి ముందూ నొక్కుతాను.”

* * *

నాలుగింటికి సందు చివర తాళాల చప్పుడు మొదలైంది. పల్లకీ ఇంకా నది దాటలేదు కానీ, ముందు నడిచే జట్లు నానాపేటలోకి వచ్చేస్తున్నాయి. తెల్ల టోపీలు, కాషాయ జెండాలు, తల మీద తులసి కుండీలతో ఆడవాళ్ళు.

“రామకృష్ణ హరీ!” అంటూ కమల్‌తాయి మెట్లెక్కి వచ్చింది. నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఇది పద్నాలుగో వారీ, ఆడవాళ్ళ డేరా పెత్తనమంతా ఆవిడదే. “కూర్చోను. లారీలో సామాన్లు సర్దాలి. ఇందూ, ఒక్క చోటు ఉంది. ఔనా, కాదా?”

ఇందుమతి నోరు తెరిచేలోపు వసంతరావు చేయెత్తాడు.

“ఒక్క నిమిషం కమల్‌తాయీ. నేను మాట్లాడాలి.” ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడాయన. ఎప్పుడు మార్చుకున్నాడో ఎవరూ చూడలేదు. “నా భార్య వారానికి డెబ్బై ఎనిమిది గంటలు పనిచేస్తోందని కోడలు రాసింది. నేను స్వయంగా కొలిచాను. అది తప్పు. ఎనభై మూడు. నలభై ఏళ్ళు నా కళ్ళ ముందే ఉన్నా నాకు కనబడలేదు. సిగ్గుగా ఉంది నాకు. ఇందూ, నీ సెలవు ఇస్తున్నాను.”

ఫోన్ ఎత్తి అందరికీ కనబడేలా నొక్కాడు.

మృణ్మయి చప్పట్లు కొట్టింది. కాస్త ఆలస్యంగా శ్రీరంగ్ కూడా కొట్టాడు. “సరే ఆయీ, వెళ్ళిరా. ఏదో పడతాం మేం,” అన్నాడు.

ఇందుమతి మొహం వెలిగిపోయింది. ఆవిడ కమల్‌తాయి చేయి పట్టుకుంది. అంత ఆనందం ఆవిడకి ఎన్నాళ్ళ తర్వాతో.

“ఆగండి, అయిపోలేదు,” అన్నాడు వసంతరావు. ఇంకోసారి నొక్కాడు. ఆయన మొహం కూడా పెళ్ళికొడుకులా ఉంది. “నా సెలవు కూడా పెట్టేశాను. అవే ఇరవై రోజులు. నేనూ నడుస్తాను. నిన్నొక్కదాన్నీ ఎలా పంపుతానే? కమల్‌తాయీ, రెండు పేర్లు రాయండి.”

“మగవాళ్ళ డేరాలో చోటుకేం కొదవ!” కమల్‌తాయి కాగితం గోడకి ఆనించి కలం తీసింది. “జంటగా నడవడమంటే అదృష్టం, మావులీ,” అంది, వారీలో నడిచేవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపుతో.

“ఒక్క పేరే రాయండి,” అంది ఇందుమతి.

మెల్లగానే అంది. అయినా కలం ఆగింది.

“ఎవరిది?” అన్నాడు వసంతరావు, ఇంకా నవ్వుతూనే.

“నాది.”

కింద ఎవరో అభంగం ఎత్తుకున్నారు.

“నేనేం తప్పు చేశానే?”

“ఏమీ చేయలేదు. నలుగురి ముందూ ఇంత మాటన్నారు, నా కడుపు నిండిపోయింది. ఇంకేమీ అక్కర్లేదు నాకు. కానీ ఏమండీ, మీరొస్తే నేను నడవను. మీ వెనక తిరుగుతాను. నా తువ్వాలేది, నా మందులేవి అని అక్కడా అడుగుతారు. మీరు అడక్కపోయినా నేను చూస్తూనే ఉంటాను, కాళ్ళు బొబ్బలెక్కాయేమో, అన్నం సరిపోయిందో లేదో అని. అది మీ తప్పు కాదు. నాకలా అలవాటైపోయింది. పుట్టింటికి కూడా మీరు దింపితేనే వెళ్ళినదాన్ని. ఒక్కసారి, ఈ ఇరవై రోజులు, నేనొక్కదాన్నే నడవాలనుంది.”

“ఆయీ,” అన్నాడు శ్రీరంగ్, ఇక చాలన్నట్టు.

కమల్‌తాయి కలం పట్టుకుని వసంతరావు వంక చూసింది. పద్నాలుగేళ్ళుగా ఆడవాళ్ళ పేర్లు రాస్తున్న మనిషి. ఇంటాయన మొహం చూసి రాయడం ఆవిడకి అలవాటు.

“ఆయన్ని చూడకండి,” అంది ఇందుమతి. “నన్ను చూసి రాయండి.”

కమల్‌తాయి రాసింది. చీటీ చింపి ఇందుమతి చేతిలో పెట్టింది. “మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి గుడి దగ్గర,” అని చెప్పి గబగబా మెట్లు దిగిపోయింది.

ఇందుమతి చీటీ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. వసంతరావు ఫోన్ బల్ల మీద పెట్టాడు. చొక్కా మడత సరిచేసుకున్నాడు. ఎవరి వంకా చూడకుండా, చెప్పులు వేసుకుని, ఆయనా మెట్లు దిగాడు.

“బాబా! ఎక్కడికి?”

మృణ్మయి బాల్కనీలోకి పరుగెత్తింది. సందు నిండా జనం, జెండాలు, తెల్ల టోపీలు. వాటి మధ్య ఇస్త్రీ చొక్కా ఒక్కటి నదివైపు, జనానికి ఎదురుగా నడుస్తోంది.

“ఆయీ, గుంపులోకి వెళ్ళిపోతున్నారు. ఫోన్ కూడా ఇక్కడే వదిలేశారు. మీరు పిలవండి. మీరు పిలిస్తే ఆగుతారు.”

నిజమే. ఆగుతాడు. ఇందుమతి పిలిచినప్పుడు వసంతరావు ఆగకపోవడమనేది ఇంతవరకు జరగలేదు. కోపంలో కూడా ఆగేవాడు.

ఇందుమతి కుర్చీలోంచి లేచింది. బాల్కనీ వైపు రెండడుగులు వేసింది. అక్కడి నుంచి పిలిస్తే ఇంకా వినబడే దూరంలోనే ఉన్నాడాయన.

చేతిలో చీటీ ఉంది. దాని మీద తన పేరొక్కటే ఉంది.

వెనక్కి వచ్చి కూర్చుంది.